రాస్ప్‌బెర్రీ పైలో వైరు ఒక పిన్నుకు, పైథాన్‌లో నంబరు ఇంకో పిన్నుకు: తప్పు పట్టుకునే పద్ధతి

నార్పల దగ్గర మా చిన్నాయనకు చీనీ తోట ఉంది. పోయిన ఎండాకాలం ఆ తోట డ్రిప్‌కు కరెంటుతో తెరుచుకునే రెండు సోలినాయిడ్ వాల్వులు, వాటికి స్విచ్చులా పనిచేసే రిలే బోర్డు ఒకటి, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి పెట్టాం (కింద 'పై 3', 'పై ఆఫ్' లాంటి చోట్ల పై అంటే ఈ బోర్డే). పైథాన్‌లో రాసింది ముప్పై లైన్లు కూడా ఉండదు. అనంతపురంలో ఇంట్లో టేబుల్ మీద ఎల్ఈడీ పెట్టి చూసినప్పుడు చక్కగా వెలిగింది. తోటకు తీసుకుపోయి వైర్లు మళ్ళీ కలిపి నడిపితే స్క్రీన్ మీద 'వాల్వు ఆన్' అని వస్తోంది, ఎర్రర్ ఏమీ లేదు, రిలే మాత్రం టిక్కు మనడం లేదు. త్రీఫేజ్ కరెంటు ఉండేది కొన్ని గంటలే, ఆ గంటల్లోనే బోరు నీళ్ళు చెట్లకు పోవాలి. చిన్నాయన గట్టు మీద నిలబడి "ఏమైందిరా అబ్బీ, పైపులో చుక్క రాలేదు" అంటున్నాడు, నేను కోడ్‌లో ఒక్కో లైను మారుస్తూ కూర్చున్నాను, అలా రెండు గంటలు పోయాయి.

తప్పు కోడ్‌లో లేదు, వైరులోనూ లేదు. కోడ్‌లో 18 అని రాశాను, వైరు కూడా లెక్కపెట్టి 18వ పిన్నుకే పెట్టాను. కానీ ఆ రెండు 18లు వేరు వేరు పిన్నులు. ఈ ఒక్క విషయం మొదటే పట్టుకునే పద్ధతి తెలిసి ఉంటే ఆ రోజు నీళ్ళు టైముకు పారేవి. అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నాను. ప్రాజెక్టు చేసే విద్యార్థులకైనా, పొలానికి ఏదో కడుతున్న వాళ్ళకైనా పనికొస్తుంది. కమాండ్లు, ఎర్రర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, టైపు చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

ఒకే పిన్నుకు రెండు నంబర్లు

పాసుపుస్తకం తీసి చూడండి. అందులో సర్వే నంబరు ఉంటుంది, ఖాతా నంబరు ఉంటుంది. సర్వే నంబరు చెబితే నేల ఎక్కడుందో తెలుస్తుంది, ఖాతా నంబరు చెబితే రికార్డులో ఏ పేరు మీద ఉందో తెలుస్తుంది. రెండూ ఆ పొలానివే, కానీ ఒకదాని బదులు ఇంకొకటి రాస్తే పని వేరే వాళ్ళ పొలం మీద జరిగిపోతుంది. రాస్ప్‌బెర్రీ పై పిన్నులూ అంతే. బోర్డు అంచున రెండు వరుసల్లో 40 పిన్నులున్నాయి, వాటిని ఒక చివర నుంచి లెక్కపెట్టుకుంటూ పోతే వచ్చేది వరుస నంబరు, పైథాన్‌లో దీన్ని బోర్డ్ మోడ్ అంటారు. లోపల ఉన్న బ్రాడ్‌కామ్ చిప్పు ఆ పిన్నును పిలుచుకునే నంబరు ఇంకొకటి, దాన్ని బీసీఎం అంటారు, జీపీఐఓ 17, జీపీఐఓ 18 అని మనం చెప్పుకునేది దాన్నే (జీపీఐఓ అంటే ఇన్‌పుట్‌కైనా అవుట్‌పుట్‌కైనా వాడుకోగల మామూలు పిన్ను). ఇక్కడి నుంచి నేను 'వరుస 11' అంటే బోర్డు మీద లెక్కపెట్టింది, 'జీపీఐఓ 17' అంటే చిప్పు నంబరు. ఉట్టి 'పిన్ 17' అని ఎక్కడా రాయను, మీరూ ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు అలా అనడం మానుకోండి.

ఈ రెండు నంబర్లు ఒక్క పిన్ను దగ్గర కూడా కలవవు. మొత్తం 40 చూడండి, వరుస నంబరూ జీపీఐఓ నంబరూ ఒకటే అయిన పిన్ను ఒక్కటి కూడా దొరకదు. వరుస 11 అంటే జీపీఐఓ 17. జీపీఐఓ 11 ఎక్కడుందంటే వరుస 23లో. జీపీఐఓ 23 వరుస 16లో. జీపీఐఓ 16 వరుస 36లో. కాబట్టి ఏ నంబరుకు ఆ పద్ధతి ఏదో చెప్పకపోతే తప్పు జరగడం ఖాయం, అదృష్టం కొద్దీ కలిసిపోయే అవకాశం కూడా లేదు.

ఇంకా కష్టం ఏమిటంటే కొన్ని తప్పులకు ఎర్రర్ వస్తుంది, కొన్నిటికి రాదు. బోర్డ్ మోడ్‌లో 17 అని రాస్తే, వరుస 17 అనేది 3.3 వోల్టుల కరెంటు పిన్ను కాబట్టి 'ది ఛానల్ సెంట్ ఈజ్ ఇన్వాలిడ్ ఆన్ ఎ రాస్ప్‌బెర్రీ పై' అని ప్రోగ్రాం ఆగిపోతుంది. ఇది మంచిదే, వెంటనే తెలుస్తుంది. అదే 18 రాస్తే బోర్డ్ మోడ్‌లో అది జీపీఐఓ 24, బీసీఎం మోడ్‌లో అది వరుస 12. రెండూ పనిచేసే పిన్నులే, ప్రోగ్రాం నోరు మెదపదు. 3, 5, 7, 8, 10, 11, 12, 13, 15, 16, 18, 19, 21, 22, 23, 24, 26, ఈ నంబర్లు రెండు పద్ధతుల్లోనూ చెల్లుతాయి. మీ కోడ్‌లో వీటిలో ఏదైనా ఉంటే మొదటి అనుమానం దాని మీదే పెట్టండి.

పాత పుస్తకాల్లో, పాత కోడ్‌లో మూడో నంబరు కూడా కనిపిస్తుంది, అది వైరింగ్‌పై అనే పాత లైబ్రరీ నంబరు. అందులో 0 అంటే జీపీఐఓ 17, 1 అంటే జీపీఐఓ 18, 2 అంటే జీపీఐఓ 27. ఎక్కడినుంచో తెచ్చుకున్న కోడ్‌లో పిన్ను నంబరు 0 లేదా 1 అని కనిపిస్తే ఇదేనేమో చూసుకోండి.

ముందు బోర్డును సరిగ్గా పట్టుకోండి

లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. పై 3, 4, 5 ఏదైనా సరే, యూఎస్‌బీ సాకెట్లు మీ వైపు ఉండేలా బోర్డును పెట్టుకోండి. పిన్నుల వరుస కుడి చేతి అంచున నిలువుగా కనిపిస్తుంది. పైన ఎడమ పక్కది వరుస 1, దాని కుడి పక్కది, అంటే బోర్డు అంచుకు దగ్గరగా ఉన్నది వరుస 2. అక్కడి నుంచి కిందికి వస్తూ లోపలి వైపు బేసి నంబర్లు, అంచు వైపు సరి నంబర్లు. ఒక్క వరుసనే 1, 2, 3 అని కిందికి లెక్కపెట్టేవాళ్ళను చాలామందిని చూశాను, అలా కాదు, అటూ ఇటూ జిగ్‌జాగ్‌గా లెక్కపెట్టాలి. అనుమానం ఉంటే బోర్డు తిప్పి వెనక చూడండి, వరుస 1 దగ్గర సోల్డర్ చతురస్రంగా ఉంటుంది, మిగతావన్నీ గుండ్రం.

మల్టీమీటర్ ఉంటే ఒక్క నిమిషంలో ఖాయం చేసుకోవచ్చు. వరుస 6 గ్రౌండ్. దానికీ వరుస 1కీ మధ్య 3.3 వోల్టులు, దానికీ వరుస 2కీ మధ్య 5 వోల్టులు చూపించాలి. మీటరు ప్రోబు మొనను నేరుగా పిన్నుల మధ్య పెట్టకండి, చెయ్యి వణికితే వరుస 2నూ 4నూ దాటి వరుస 6కు తగిలి 5 వోల్టులు గ్రౌండుకు షార్ట్ అవుతుంది, బోర్డు పోతుంది. చివర రంధ్రం ఉండే ఆడ జంపర్ వైరు ఒకటి పిన్నుకు తొడిగి, దాని రెండో చివర మీటరు పెట్టండి. గ్రౌండ్ పిన్నులు మొత్తం ఎనిమిది: 6, 9, 14, 20, 25, 30, 34, 39.

తర్వాత టెర్మినల్‌లో 'పినౌట్' అని కొట్టండి. మీ బోర్డు ఏ మోడలో గుర్తుపట్టి, దాని బొమ్మా 40 పిన్నుల పట్టికా రంగుల్లో చూపిస్తుంది. వరుస నంబరు బ్రాకెట్లో ఉంటుంది, పక్కనే జీపీఐఓ నంబరు. ఫోన్‌లో వెతికి పట్టుకున్న బొమ్మ కంటే ఇది నమ్మదగ్గది, ఎందుకంటే అది మీ చేతిలో ఉన్న బోర్డు గురించే చెబుతుంది. 2012లో వచ్చిన మొదటి బోర్డుల్లో 26 పిన్నులే ఉండేవి, అందులోనూ మొదటి రివిజన్‌లో వరుస 13 జీపీఐఓ 21గా ఉండేది, రెండో రివిజన్ నుంచి జీపీఐఓ 27 అయింది. ఇప్పటికీ ఆ పాత బొమ్మలు తిరుగుతూనే ఉన్నాయి. 2014లో బీ ప్లస్ మోడల్ వచ్చినప్పటి నుంచి 40 పిన్నుల అమరిక మారలేదు.

ఒక్క ఎల్ఈడీతో మొదలుపెట్టండి

రిలే, సెన్సర్, మోటారు అన్నీ తీసేయండి. ఒక ఎల్ఈడీ, 330 ఓముల రెసిస్టర్ ఒకటి, రెండు జంపర్ వైర్లు చాలు. వరుస 11 నుంచి రెసిస్టర్, దాని నుంచి ఎల్ఈడీ పొడుగు కాలు, పొట్టి కాలు నుంచి వరుస 9 గ్రౌండుకు. ఇప్పుడు పైథాన్ అక్కర్లేదు, ముందు సిస్టం కమాండుతోనే వెలిగించి చూడండి. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో బుక్‌వర్మ్ అనే వెర్షన్‌లో 'పిన్' తర్వాత సీ, టీ, ఆర్, ఎల్ అక్షరాలు కలిపిన కమాండ్ ఉంటుంది, దాన్ని ఇక్కడ పిన్‌కంట్రోల్ అని పిలుస్తాను. 'పిన్‌కంట్రోల్ సెట్ 17 ఓపీ డీహెచ్' అంటే జీపీఐఓ 17ను అవుట్‌పుట్ చేసి పైకి, అంటే 3.3 వోల్టులకు లేపు అని, డీహెచ్ బదులు డీఎల్ అంటే కిందికి, అంటే సున్నాకు దించు అని. ఇక్కడ నంబరు ఎప్పుడూ జీపీఐఓ నంబరే.

ఎల్ఈడీ వెలిగిందా? అయితే వైరు బాగుంది, పిన్ను బాగుంది, నంబరు మీరు అనుకున్నదే, ఇక తప్పు ఉంటే పైథాన్‌లోనే. వెలగలేదా? కోడ్ ముట్టుకోకండి, తప్పు ఇటువైపే ఉంది. నేను తోటలో ఇలా రెండు భాగాలుగా విడదీసి చూడకుండా కోడ్‌నూ వైర్లనూ కలిపి మారుస్తూ పోయాను, రెండూ ఒకేసారి మారుస్తుంటే ఏది తప్పో ఎప్పటికీ తెలియదు.

వెలగకపోతే ముందు ఎల్ఈడీ కాళ్ళు తిప్పి చూడండి. తర్వాత బ్రెడ్‌బోర్డ్. పొడుగు బ్రెడ్‌బోర్డ్‌లలో అంచున ఉండే ఎరుపు నీలం గీతల పట్టీ కొన్నిటిలో మధ్యలో తెగి ఉంటుంది, గీత కూడా అక్కడ ఆగి మళ్ళీ మొదలవుతుంది, సరిగ్గా చూస్తే కనిపిస్తుంది. గ్రౌండ్ ఒక సగానికి ఇచ్చి ఎల్ఈడీ రెండో సగంలో పెడితే సర్క్యూట్ పూర్తికాదు. మన దగ్గర ఇంకో సంగతి ఉంది, దుమ్ము. ఎండాకాలం తోటలో పెట్టెలు తెరిచి పెడితే జంపర్ వైరు రంధ్రాల్లో సన్నటి మట్టి చేరుతుంది, వైరు బిగుతుగానే ఉన్నట్టుంటుంది కానీ తాకదు. మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి, పై ఆఫ్ చేసి, వైరు ఈ చివర నుంచి ఆ చివరకు చూసుకోండి.

టీ ఆకారంలో ఉండే జీపీఐఓ ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడేవాళ్ళు రిబ్బన్ కేబుల్ తిరగబడలేదని చూసుకోవాలి. ఆ బోర్డు మీద అచ్చువేసింది ఏ నంబరో కూడా తెలుసుకోవాలి, ఎక్కువ వాటి మీద జీపీఐఓ నంబర్లుంటాయి, కొన్ని పాత వాటి మీద పీ0, పీ1 అని వైరింగ్‌పై నంబర్లుంటాయి. నేను ఇంట్లో ఈ బోర్డు వాడి 18 అని రాసినచోట పెట్టాను, తోటలో ఆ బోర్డు లేకుండా నేరుగా లెక్కపెట్టి పెట్టాను. ఇంట్లో పనిచేసి తోటలో చేయకపోవడానికి కారణం అదే.

ఏ పిన్నో అసలు తెలియనప్పుడు

ఇది నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడిన పద్ధతి, అందుకే కొంచెం నిదానంగా చెబుతాను. మామూలుగా మనం కోడ్‌లో నంబరు రాసి ఏ పిన్ను కదులుతుందో చూస్తాం. దాన్ని తిప్పేయండి. పిన్నును తాకితే దాని నంబరు ఏమిటో రాస్ప్‌బెర్రీ పై బోర్డే చెప్పేలా చేయండి.

ముందు బోర్డు మీద ఉన్న వైర్లన్నీ తీసేయండి. పైథాన్‌లో జీపీఐఓజీరో లైబ్రరీ నుంచి బటన్‌ను ఇంపోర్ట్ చేసుకుని, 2 నుంచి 27 వరకు ఒక లూప్ పెట్టి, ఒక్కో నంబరుకు ఒక్కో బటన్ తయారుచేసి ఒక లిస్టులో దాచుకోండి. బటన్ మామూలుగానే లోపలి పుల్అప్ వాడుతుంది, అంటే ఎవరూ ముట్టుకోకపోతే పిన్ను పైన, అంటే హైలో ఉంటుంది. ఒక్కో బటన్ నొక్కినప్పుడు దాని పిన్ను నంబరు ప్రింట్ చేసే ఫంక్షన్ తగిలించండి, ప్రోగ్రాం ముగిసిపోకుండా చివర పాజ్ పెట్టండి. ఏదైనా పిన్నును సిస్టం ముందే తీసుకుని ఉంటే ఆ నంబరు దగ్గర ఎర్రర్ వస్తుంది, దాన్ని ట్రై, ఎక్సెప్ట్‌తో దాటేసి, 'ఇది ఖాళీ లేదు' అని ప్రింట్ చేయించండి, ఆ సమాచారం కూడా మనకు కావలసిందే.

ఇప్పుడు ఒక వైరు గ్రౌండుకు పెట్టి, దాని రెండో చివర 330 ఓముల రెసిస్టర్ కలిపి, ఆ రెసిస్టర్ కాలికి ఇంకో ఆడ జంపర్ తగిలించండి. ఆ జంపర్‌ను ఏ పిన్నుకు తొడిగితే దాని జీపీఐఓ నంబరు స్క్రీన్ మీద వస్తుంది. రెసిస్టర్ లేకుండా ఎప్పుడూ చేయకండి. పొరపాటున 5 వోల్టుల పిన్నుకు తొడిగినా రెసిస్టర్ ఉంటే పారేది 15 మిల్లీయాంప్స్, ఏమీ కాదు, లేకపోతే నేరుగా షార్ట్. 330 ఓములే ఎందుకంటే జీపీఐఓ 2, 3 మీద బోర్డులోనే 1.8 కిలో ఓముల గట్టి పుల్అప్ ఉంది, మనం పెద్ద రెసిస్టర్ పెడితే ఆ రెండూ కిందికి సరిగ్గా దిగవు, నంబరు ప్రింట్ కాదు, పిన్ను చెడిపోయిందేమో అని అనవసరంగా టెన్షన్ పడతాం.

వరుస 27, 28లను వదిలేయండి, అవి పైన తొడిగే హ్యాట్ బోర్డులను గుర్తుపట్టడానికి కేటాయించినవి. ఈ పరీక్ష అయ్యాక ఒకసారి రీబూట్ చేయండి, ఐ2సీ, సీరియల్ (సెన్సర్ల లాంటి వాటితో మాట్లాడే పద్ధతులు) పిన్నులను మనం మామూలు ఇన్‌పుట్‌లుగా మార్చేసి ఉంటాం, రీబూట్ తర్వాత అవి మళ్ళీ తమ పనికి వస్తాయి.

పైథాన్ వైపు తప్పులు

పాత లైబ్రరీ ఆర్‌పీఐ డాట్ జీపీఐఓలో సెట్‌మోడ్ అనే లైను తప్పనిసరి, బీసీఎం అనో బోర్డ్ అనో చెప్పాలి. చెప్పకపోతే 'ప్లీజ్ సెట్ పిన్ నంబరింగ్ మోడ్' అంటుంది. మీ ఫైలు బీసీఎం పెట్టి, మీరు ఇంపోర్ట్ చేసుకున్న ఇంకెవరిదో సెన్సర్ ఫైలు బోర్డ్ పెడితే 'ఎ డిఫరెంట్ మోడ్ హాజ్ ఆల్‌రెడీ బీన్ సెట్' అని వస్తుంది. అప్పుడు మోడ్ మార్చి ఊరుకుంటే సరిపోదు, ఆ ఫైలులో ఉన్న నంబర్లన్నీ కూడా మార్చాలి. మోడ్ మార్చి నంబర్లు మార్చకపోవడం నేను చూసిన తప్పుల్లో ఎక్కువసార్లు జరిగేది.

జీపీఐఓజీరోలో సెట్‌మోడ్ ఉండదు. ఉట్టి నంబరు రాస్తే అది జీపీఐఓ నంబరే. వరుస నంబరు వాడాలనుకుంటే కోట్స్‌లో 'బోర్డ్11' అని రాయొచ్చు, 'జీపీఐఓ17' అని కూడా రాయొచ్చు. నా సలహా, ఉట్టి 17 కంటే కోట్స్‌లో 'జీపీఐఓ17' అని రాయండి, ఆరు నెలల తర్వాత చదివేవాళ్ళకు ఏ పద్ధతో అడగాల్సిన పని ఉండదు. ఈ లైబ్రరీతో ఇంకో సంగతి, ప్రోగ్రాం అయిపోగానే పిన్నును వదిలేస్తుంది. ఆన్ అని ఒక లైను రాసి ప్రోగ్రాం ముగిస్తే ఎల్ఈడీ వెలిగీ వెలగకముందే ఆరిపోతుంది, దాన్ని పిన్ను తప్పు అనుకుంటారు. చివర పాజ్ పెట్టండి.

పై 5 తీసుకున్న వాళ్ళకు వేరే ఇబ్బంది. 2023లో వచ్చిన ఆ బోర్డులో జీపీఐఓ పిన్నులను చూసుకునేది ఆర్‌పీ1 అనే వేరే చిప్పు. అందుకే పాత ఆర్‌పీఐ డాట్ జీపీఐఓ దానిమీద నడవదు, 'క్యానాట్ డిటర్మిన్ ఎస్ఓసీ పెరిఫెరల్ బేస్ అడ్రస్' అని ఆగిపోతుంది. పిన్నుల అమరిక మాత్రం అదే, నంబర్లు మార్చాల్సిన పని లేదు. పాత లైబ్రరీని తీసేసి దాని స్థానంలో ఆర్‌పీఐ ఎల్‌జీపీఐఓ అనే ప్యాకేజీ వేసుకుంటే పాత కోడ్ చాలావరకు అలాగే నడుస్తుంది, రెండూ ఒకేచోట ఉండకూడదు. ఓఎస్‌తో వచ్చే ఆప్ట్ అనే కమాండుతో వేసుకోండి. బుక్‌వర్మ్‌లో పైథాన్ సొంత కమాండ్ పిప్‌తో నేరుగా వేయబోతే 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్' అని ఆపేస్తుంది. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చేసుకుంటే సిస్టం సైట్ ప్యాకేజెస్ ఆప్షన్ పెట్టి చేయండి, లేకపోతే ఆప్ట్‌తో వేసినవి దానికి కనిపించవు.

నంబరు సరైనదే అయినా పిన్ను పలకకపోతే దాన్ని ఇంకెవరైనా వాడుతున్నారేమో చూడండి. 'పిన్‌కంట్రోల్ గెట్' అని ఒక్కటే కొడితే పిన్నులన్నీ ఇప్పుడు ఏ పని మీద ఉన్నాయో వరుసగా వస్తాయి. ఐపీ అంటే ఇన్‌పుట్, ఓపీ అంటే అవుట్‌పుట్, ఇంగ్లిష్ 'ఏ' అక్షరం పక్కన నంబరు ఉంటే, ఏ0, ఏ3 ఇలా, ప్రత్యేక పని మీద ఉందని. రాస్పీ కాన్ఫిగ్ అనే సెట్టింగ్స్ ప్రోగ్రాంలో ఎస్‌పీఐ (ఇదీ ఐ2సీ లాంటిదే) ఆన్ చేసి ఉంటే జీపీఐఓ 7 నుంచి 11 వరకు దానివే. ఐ2సీ ఆన్ అయితే 2, 3. సీరియల్ అయితే 14, 15. వన్ వైర్ ఆన్ చేస్తే, పిన్ను చెప్పకపోతే జీపీఐఓ 4 తీసుకుంటుంది, నేల ఉష్ణోగ్రత కోసం డీఎస్18బీ20 సెన్సర్ పెట్టుకున్న వాళ్ళు అదే జీపీఐఓ 4కు గాలిలో తేమ కొలిచే డీహెచ్‌టీ22 కూడా పెట్టి తిప్పలు పడతారు. 'జీపీఐఓ బిజీ' అని వస్తే మీ పాత ప్రోగ్రామే క్రాన్‌టాబ్ (టైము ప్రకారం ప్రోగ్రాములు నడిపేది) ద్వారానో సర్వీసుగానో వెనక నడుస్తూ ఉండొచ్చు, దాన్ని వెతికి ఆపండి.

పిన్ను తప్పులా కనిపించే వేరే తప్పులు

నీలం రిలే బోర్డులు చాలావరకు తిరగేసి పనిచేస్తాయి, ఇన్‌పుట్ కిందికి దిగితే ఆన్ అవుతాయి. కోడ్‌లో ఆన్ అంటే రిలే ఆఫ్, ఆఫ్ అంటే ఆన్. రెండు రిలేలుంటే ఒకటోది ఆన్ చేసినప్పుడు రెండోది వెలుగుతున్నట్టు కనిపిస్తుంది, వైర్లు మారిపోయాయి అనుకుని మనం వాటిని మార్చి ఇంకా గందరగోళం చేస్తాం. జీపీఐఓజీరోలో అవుట్‌పుట్ డివైస్ తీసుకుని యాక్టివ్ హై అనేది ఫాల్స్ పెడితే సరిపోతుంది. ఇంకొన్ని బోర్డులకు ఇన్‌పుట్ వైపు కరెంటు 5 వోల్టులు ఇస్తే, పై ఇచ్చే 3.3 వోల్టుల హై వాటికి చాలదు, రిలే ఆన్ అయి అలాగే ఉండిపోతుంది. జేడీ వీసీసీ అనే జంపర్ ఉన్న బోర్డయితే ఆ జంపర్ తీసి, జేడీ వీసీసీకి 5 వోల్టులు, వీసీసీకి 3.3 వోల్టులు ఇవ్వండి.

జీపీఐఓ పిన్నులు 5 వోల్టులు తట్టుకోవు. నీటి మట్టం కోసం వాడే హెచ్‌సీ ఎస్‌ఆర్04 సెన్సర్ ఎకో పిన్ను 5 వోల్టులు పంపుతుంది, దానికి 1 కిలో ఓము, 2 కిలో ఓముల రెసిస్టర్లతో వోల్టేజ్ తగ్గించి ఇవ్వాలి. ఒకసారి నేరుగా ఇచ్చేసి ఉంటే ఆ పిన్ను దెబ్బతిన్నదేమో చూడండి: వైరు తీసేసి, పిన్‌కంట్రోల్‌తో పైకి లేపి మీటరు పెడితే 3.3 దగ్గర రావాలి, దించితే సున్నా రావాలి. మధ్యలో ఎక్కడో ఆగితే ఆ పిన్నును వదిలేసి ఇంకొకటి వాడుకోండి. సెన్సరుకు వేరే అడాప్టర్ నుంచి కరెంటు ఇస్తున్నట్లయితే దాని గ్రౌండూ పై గ్రౌండూ తప్పకుండా కలపాలి.

మోటారు స్టార్టర్ జోలికి మాత్రం ఎలక్ట్రీషియన్ లేకుండా పోవద్దు. మేము వాల్వులకే ఆగాం, బోరు స్టార్టర్ చిన్నాయన చేత్తోనే వేస్తాడు.

వేరే కంపెనీ బోర్డులు

40 పిన్నులు ఉన్నంత మాత్రాన రాస్ప్‌బెర్రీ పై నంబర్లు చెల్లవు. ఆరెంజ్ పైలో ఆల్‌విన్నర్ చిప్పు ఉన్నవాటికి పిన్ను పేరు పీఏ6, పీసీ4 అని ఉంటుంది. ఏకు 0, బీకి 1, సీకి 2 అనుకుని దాన్ని 32తో గుణించి చివరి నంబరు కలపాలి, పీసీ4 అంటే 68. రాక్‌చిప్ బోర్డుల్లో జీపీఐఓ4 సీ2 లాంటి పేరుంటే, 4ను 32తో, సీకి 2ను 8తో గుణించి, 2 కలిపితే 146. బీగుల్‌బోన్ బ్లాక్‌కు పీ8, పీ9 అని రెండు హెడర్లు, ఒక్కోదానికి 46 పిన్నులు. పీ9లో 12వది జీపీఐఓ1_28, అంటే 60. జెట్సన్ నానోకు సొంత లైబ్రరీ ఉంది, అందులో బోర్డ్ మోడ్ వాడుకోవడమే తేలిక.

పెట్టె మూయకముందు

ఒక కాగితం మీద నాలుగు గళ్ళు గీయండి: వైరు రంగు, వరుస నంబరు, జీపీఐఓ నంబరు, ఏ పనికి. చిన్నాయన తోట పెట్టెలో ఇప్పుడు నారింజ రంగు, వరుస 29, జీపీఐఓ 5, రోడ్డు వైపు వాల్వు అని ఒక లైను, పసుపు రంగు, వరుస 31, జీపీఐఓ 6, బోరు వైపు వాల్వు అని ఇంకో లైను ఉంది. మూత లోపలి వైపు అంటించి పైన టేపు వేశాం. కోడ్‌లో కూడా అవే పేర్లు, ఫైలు మొదట్లో ఒక్కచోటే, కింద ఎక్కడా నంబరు కనిపించదు.

18 వదిలేసి 5, 6 ఎందుకు తీసుకున్నామంటే, మన దగ్గర కరెంటు పోయి రావడం మామూలే. కరెంటు వచ్చి పై బోర్డు లేచి పైథాన్ మొదలయ్యేలోపు కొన్ని సెకన్లు పిన్నులు ఎవరి అదుపులోనూ ఉండవు. ఆ సమయంలో జీపీఐఓ 0 నుంచి 8 వరకు పుల్అప్‌తో పైకి ఉంటాయి, 9 నుంచి 27 వరకు పుల్‌డౌన్‌తో కింద ఉంటాయి. కిందికి దిగితే ఆన్ అయ్యే రిలేకు పైకి ఉండే పిన్నే మంచిది, 2, 3, 4, 7, 8 వేరే పనులకు అవసరం పడతాయి కాబట్టి మిగిలింది 5, 6. పైకి లేస్తే ఆన్ అయ్యే రిలే మీ దగ్గరుంటే 9 దాటిన వాటిలో తీసుకోండి. ఇంకా గట్టిగా ఉండాలంటే బూట్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ డాట్ టీఎక్స్‌టీ ఫైలులో 'జీపీఐఓ=5,6=ఓపీ,డీహెచ్' అని ఒక లైను రాస్తే పైథాన్ రాకముందే ఆ రెండూ పైన స్థిరపడతాయి. ఆ లైను రాశాక వాల్వులకు నీళ్ళు వదలకుండా, ఐదారు సార్లు ప్లగ్గు పీకి పెట్టి, రిలే ఒక్కసారైనా టిక్కుమంటుందేమో చెవి పెట్టి వినండి.